టర్కీ తువ్వాల, వానల తడిసిన జింక

"టర్కీ తాతా... ఓ టర్కీ తాతా!"

ఇన్నవా కోడలా? అగో, బడి వ్యాను ఇంక మూల గూడ తిరగలే, గల్లీ ఆ కొసకెల్లే ఒర్రుడు సురువు జేసిండ్రు. నేను లేసి చెయ్యి ఊపేదాక ఊకోరు. ఆఁ, ఇన్న, ఇన్న! పోండ్రి! కిటికీలకెల్లి తలకాయలు బయట వెట్టకుండ్రి! సూసినవా, ఒక్కడన్న ఇంటడా.

ఏందంటున్నవ్? "నీ పేరు నర్సిములు గదా మామా, టర్కీ తాత ఏంది?" అంటవా? గదే ముచ్చట. చెప్తగని, ఫోన్ గట్ల నిలవెట్టినవేంది? రికార్డింగా? మంచిది, వెట్టు. మీ కాలేజోళ్లు ఇంటె ఇననియ్. మీ అత్త మీద ఏమన్న నోరు జారితె మాత్రం గంత మట్టుకు కోసెయ్యి.

ఇగ ఇను. నేను కామారెడ్డిల స్టేషన్ తొవ్వల బోర్డులు రాసేటోన్ని, నీకెరికే. ఆఁ, నీకేం ఎరుక, నువ్వప్పుడు మీ అమ్మ కొంగు వట్టుకోని తిరిగేదానివి. కిరాణం దుకాణాలు, రైసు మిల్లులు, లారీల ఎనుక రాతలు, భిక్నూర్ కాడ హైవే మీది ధాబాలు, అన్నీ నా కుంచెనే. అక్షరానికి రెండు రూపాలు. అందుకే పేరు పొడుగున్నోళ్లంటె నాకు పానం. "శ్రీ లక్ష్మీ వెంకటేశ్వర" అన్నడా, ఆనాడు ఇంట్ల కోడికూర. ఉత్త "రాజు" అన్నడా, పచ్చిపులుసే. చదువంటవా? పదోది. అంటె పదోది దాక పోయిన. అయిందా కాలేదా అని అడగకు, లెక్కలల్ల జరంత తక్కువ వడ్డది. గని ఇంగ్లీషు అక్షరాలు నేను రాస్తె అచ్చు గుద్దినట్టుండేటియి. హార్డ్‌వేరు, పెస్టిసైడ్స్, ఎలక్ట్రికల్స్, ఏదన్న ఇయ్యి, కండ్లు మూసుకోని రాస్త. అర్థమా? అర్థం రాసేటోనికెందుకు కోడలా, కొనేటోనికి గావాలె గని.

ఆ తర్వాత ఫ్లెక్సీ మిషన్లొచ్చినయి. పొద్దున చెప్తె పగటీలి వరకు బోర్డు చేతిల వెడుతున్రు. నా కుంచెలు ఎండిపాయె, నేను ఎల్లారెడ్డికొచ్చి పడ్డ. మీ అత్త అంటది, "ఆయన చేతుల రంగు పోయింది, నోట్ల రంగు పోలే" అని. సరే, గది ఇడిసిపెట్టు.

మా పెద్దన్న బిడ్డ సునీత ఉన్నది గదా, నీకు వదినయితది. ఇక్కడనే ఒక ఇంగ్లీషు మీడియం బడిల యూకేజీ పిల్లలకు టీచరు. బడి పేరు మాత్రం చెప్ప. మా అన్న పోయినంక ఇల్లు ఆ పిల్లనే ఎల్లదీస్తున్నది. మా వదినెకు మోకాళ్లు వట్టుకపోయినయి, మంచం దిగుడే కష్టం. ఆ ఇంటికి గా నౌకరొక్కటే ఆధారం. ఇది యాదివెట్టుకో, ముచ్చటంత దీని మీదనే ఉన్నది.

ఆ బడికొక కరస్పాండెంట్ సారు. చెడ్డోడని అన, గని ఇంగ్లీషు అంటె వశం దప్పుతడు. గేటు మీద "ఇంగ్లీషే మాట్లాడవలెను" అని ఇంగ్లీషుల బోర్డు రాపిచ్చిండు. రాసిందెవరు? నేనే. తొందరల ఇంగ్లీషు అన్న మాటలకెల్లి ఎల్లు అక్షరం మింగిన. మూడేండ్లాయె కోడలా! దాని కిందికెల్లి సార్లు పోతున్రు, మేడంలు పోతున్రు, ఆయన పొద్దుమాపు పోతుండు. ఇప్పటిదాక ఒక్కలు వట్టుకోలే. నేనూ చెప్పలే. ఆ ఎల్లుకు గూడ రెండు రూపాలు తీసుకుంటి, ఎట్ల చెప్పుదు?

మొన్న దసరా ముంగట ఆయన సునీతను పిలిచిండు. "మేడం, దసరా హాలిడేస్ వస్తున్నయి. ఇడిసే రోజు ఓపెన్ డే వెడుతున్నం. మీ పిల్లలు బొమ్మలు చూసి హాలిడే వర్డ్స్ ఇంగ్లీషుల చెప్పాలె, పేరెంట్స్ ముంగట" అన్నడంట. దానికోసమని హైదరాబాదుకెల్లి ఒక బొమ్మల బుక్కు తెప్పిచ్చిండు. అది ఏ దేశపోళ్ల పిల్లలకు అచ్చేసిండ్రో ఏమో, వాళ్లకు హాలిడేస్ అంటె క్రిస్మస్ దినాలంట, మంచు వడే దినాలు. ఈయనకు అట్ట మీద "హాలిడే" అని కనవడ్డది, సాలు. మనయి దసరా హాలిడేస్, బుక్కు గూడ హాలిడేది, జోడి కుదిరింది అనుకున్నడు. ఇగ పిల్లలకా? హాలిడే అంటె తాతీలు. బడి బందుండే రోజు. "హాలిడే అంటె ఏంది పిల్లలూ?" అని సునీత అడిగితె యూకేజీ మొత్తం ఒక్క గొంతుతోని "సండే!" అన్నరంట. తప్పన్నవా? నేనైతె నూటికి నూరు ఏస్త.

అసలు తమాషా ఇను. బుక్కు చినుగుతదని ఆయన బీరువాల వెట్టి తాళమేసిండు. బొమ్మలతోని నేర్పాల్నంట, బొమ్మలు మాత్రం బీరువాలుంటయంట! ఒక కాయితం మీద ఆరు మాటలు రాసిచ్చి, "బొమ్మలు మీరే ఏమన్న చూసుకోండి మేడం" అన్నడు. మల్ల మెల్లగ, చాయ్ తాగుకుంట, "పిల్లలు చెప్పకపోతె మాత్రం దసరా తర్వాత మీరు వేరే స్కూలు చూసుకోవాలె" అన్నడు. గంత సల్లటి మాట, కడుపుల గంత మంట.

పిల్ల పరేషానై నాకు ఫోన్ జేసింది. "కాకా, ఆరు బొమ్మలు పెద్దగ గీసియ్యవా? ఎనుక కూసున్నోళ్లకు గూడ కనవడాలె."

గేటు బోర్డు రాసినంక మల్ల కుంచె వట్టలే! నాకు పానం లేసొచ్చింది. "చెప్పు బిడ్డా, ఏమేం గీయాలె?" అన్న. ఆ పిల్ల పాపం మంచిదే అన్నది: "మాపటికి వస్త కాకా, ఒక్కొక్కటి ఎట్లుంటదో చెప్త." ఇగ నా నోటి దూల సూడు. "నాకు ఇంగ్లీషు నువ్వు చెప్తవా? ఇరవై ఏండ్లు ఇంగ్లీషు రాసిన చెయ్యి ఇది! మాటలు చెప్పి ఫోన్ పెట్టెయ్, అందాక పిల్లలకు నోటితోని చెప్పిచ్చుకో, ఓపెన్ డే నాడు బొమ్మలు తెచ్చి చేతులవెడుత" అన్న. నాది డబ్బ ఫోనాయె, బొమ్మ పంపుతనన్నా రాదు.

మొదటి మాట, టర్కీ. నువ్వే చెప్పు, మనకాడ టర్కీ అంటె ఏంది? తానం చేసినంక తుడుసుకునే టర్కీ తువ్వాల! మీ బాపు మస్కట్‌కెల్లి వచ్చినప్పుడల్ల తెచ్చేది చూడు, ఇంత మందం. నాకొకటి ఇస్తనన్నడు, ఇంక ఇస్తనే ఉన్నడు. పండుగ పూట తలకు పోసుకుంటరు, తుడుసుకునెతందుకు టర్కీ ఉండాలె, సక్కగున్నది గదా అనుకున్న. దండెం మీద ఎర్రటి టర్కీ, ఆకుపచ్చ పట్టీలు, కొసకు కుచ్చులు. ఒక్కొక్క కుచ్చు గీసిన.

రెండోది స్టాకింగ్. మిల్లు బోర్డులు రాసినోనికి స్టాకు తెల్వదా? బీర్కూర్ దిక్కు మిల్లులల్ల వడ్ల బస్తాలు కప్పు దాక పేరుస్తరు, గది స్టాకు. పేరుస్తుంటె స్టాకింగు. పండుగకు ఇంట్ల వడ్లుండాలె గదా, గిది గూడ సరిపాయె. స్నో మ్యాన్ అన్నది. స్నో అంటె మొఖానికి రుద్దుకునేది. మా కాలంల పెండ్లికొడుకుకు ఎంత స్నో రుద్దితె అంత ఇజ్జత్. నా పెండ్లి ఫొటోల సూడు, బూడిద గుమ్మడికాయకు మీసం వెట్టినట్టున్న. నన్నే గీసిన, బాసింగంతోని సహా. మీ అత్త సూసి, "గప్పుడన్న జర తెల్లగుంటివి" అన్నది.

రెయిన్ డీర్ అంటె ఇంగ అడిగేదేమున్నది? రెయిన్ వాన, డీర్ జింక. పోచారం అడివిల లేవా జింకలు? వానల తడుసుకుంట నిలవడ్డ జింకను గీసిన. గీసినంక నాకే పానం ఒప్పలే, జలుబు జేస్తదని దాని నెత్తి మీద గొంగడి కప్పిన.

అయిదోది క్రిస్మస్ ట్రీ. గిది మాత్రం నాకు పక్కా ఎరుకే. ఎన్కట కామారెడ్డిల ఒక చర్చి గోడకు ఏసిన నేను. కింద ఎడల్పు, మీదికి పోంగ పోంగ సన్నం, వరుస మీద వరుస, నడుమ రంగురంగుల గుండ్లు, కొసకు సుక్క. అచ్చం దించిన. ఆరింటిల అన్నిటికన్న మంచిగొచ్చింది గదే. ఇది గూడ యాదివెట్టుకో.

ఆఖరుకు బెల్. గంట. భిక్నూర్‌ల మేం చదివేటప్పుడు బడి ముంగట రైలు పట్టా ముక్క ఏలాడగట్టేటోళ్లు. సునీత బడిల గూడ గసొంటిదే ఉన్నది, కరెంటు పోతె బెల్లు మోగదని. బడి ఊడ్సే ఆయమ్మ సుత్తెతోని కొడుతది. గా పట్టా ముక్కనే గీసిన, పక్కకు సుత్తె.

ఆఁ, ఇంగొకటి మర్సిపోయిన. గది చెప్పకపోతె ముందట నీకు తెల్వది. ఓపెన్ డే నాడు తల్లులందరు ఇంటికెల్లి ఒక్కో వంట చేసుకొస్తె అందరు కలిసి తింటరంట, బడికి ఖర్చు వడదు. దానికి ఇంగ్లీషుల ఒక పేరున్నది, పాట్‌లక్. ఆయన బడి గ్రూపుల తెలుగు అక్షరాలతోని "రేపు పాట్‌లక్, మదర్స్ అందరు రావాలె" అని ఏసిండు. తల్లులు ఏం చదివిండ్రు? "రేపు పాటలకు" అని! బతుకమ్మ దినాలాయె. బడోళ్లు పాటలకు పిలిచిండ్రు, ఈ సారుకు ఇన్నేండ్లకు బుద్ధొచ్చింది అనుకున్నరు. పట్టుచీరలు గట్టిండ్రు, పూలు వెట్టుకున్నరు. పాటలకు ఉత్త చేతులతోని ఎవరన్న పోతరా? పులిహోర, పెరుగుసద్ది, నువ్వులపొడి, రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు, ఎవరి గిన్నె వాళ్లు కట్టుకోనే వచ్చిండ్రు. సారు ఖుషీ: "సీ, అందరికి పాట్‌లక్ అర్థమైంది." అమ్మలు ఖుషీ. ఒక్క మాట, ఇద్దరికి రెండు తీర్లు.

నేను పోయేవరకు అందరు వచ్చి కూసున్నరు. రంగు ఆరలే కోడలా, నేనేం జేతు, ఎండకు వెట్టి వెట్టి తీసుకపోయిన. బొమ్మలు సుట్టలు సుట్టి చంకల వెట్టుకోని ఉరికిన. సునీత గేటు కాడ్నే నిలవడ్డది, పెదవులెండిపోయి. "ఒక్కసారి చూపెట్టు కాకా" అన్నది. అంతల లోపలికెల్లి సారు, "మేడం, స్టార్ట్!" అన్నడు.

ముంగట కుర్చీల సారు తల్లి కూసున్నది. ఎనభై ఏండ్లుంటయి, బక్క పానం, చేతిల కట్టె. బీడీలు చేసి ఆ కొడుకును చదివిచ్చింది, ఇప్పటికీ చేతి ఏళ్ల కొసలు నల్లగనే ఉంటయి. దీపం వెట్టెతందుకు తీసుకొచ్చిండు. "మమ్మీ, దీపం వెట్టినంక ఏం మాట్లాడకు" అని ముందే చెప్పి కూసోబెట్టిండంట. మమ్మీ! ఆ అవ్వకు ఆ మాట పిలుపో తిట్టో గూడ తెల్వదు.

సునీత మొదటి బొమ్మ ఇప్పింది. ఇప్పి, సూసి, నా దిక్కు సూసింది. మొఖంల నెత్తురు లేదు. ఎందుకంటె టర్కీ అంటె కోడంట కోడలా! మన కోడికి అన్నసొంటిది, ఆ దేశంల పండుగకు కోసుకుంటరంట. ఆ ముచ్చట నాకు అందరికన్న ఆఖరుకు తెల్సింది, నువ్వు ముందే ఇను. నేనైతె "మంచిగొచ్చిందా బిడ్డా" అన్నట్టు మీసాలల్ల నవ్వుతున్న.

ఇగ మడత వెట్టెతందుకు లేదు, అందరు సూస్తున్రు. సారు కాయితం, పెన్ను పట్టుకోని నిలవడ్డడు, మాట చెప్తె టిక్కు వెట్టెతందుకు. సునీత బొమ్మ మీదికి ఎత్తి, "వాట్ ఈజ్ దిస్?" అన్నది.

ఒక పొల్లగాడు, "తువ్వాల!" అన్నడు.

పక్క పొల్ల వాని నెత్తి మీద ఒక్కటిచ్చి, "కాదుర, టర్కీ! మా తాతకున్నది!" అన్నది. ఇగ సూడు, "టర్కీ! టర్కీ!" అని పెంకులు లేసిపోయేటట్టు ఒర్రిండ్రు.

సారు కాయితం సూసిండు. టర్కీ. టిక్కు. "వెరీ గుడ్!" అన్నడు. అగో, గప్పుడు సునీతకు సమజయింది. ఆయన బుక్కు కొన్నడు, తాళమేసిండు, గని తెరిసి సూడలే! ఆయనకు గూడ టర్కీ అంటె తువ్వాలనే!

రెండోది ఇప్పింది. స్టాకింగ్ అంటె కాళ్లకేసుకునే పొడుగు సాక్సు, నా బొమ్మల వడ్ల బస్తాలు. సానియా అని ఒక పోరి, మిల్లుల హమాలీ చేసే ఖాజా బిడ్డ, బెంచి మీదికెక్కింది. "మా అబ్బా స్టాకు! మా అబ్బానే పేరుస్తడు!" సునీతకు ధైర్నం వచ్చింది. "స్టాకు పేరుస్తుంటె... స్టాకింగ్!" అన్నది. "స్టాకింగ్!" టిక్కు. ఎనుక నిలవడ్డ ఖాజా అటీటు సూసి అంగి గుండీ సవరిచ్చుకున్నడు. ఎన్నడన్న ఆయన పని బడిల పాఠమైందా?

స్నో మ్యాన్ అంటె మంచుతోని చేసే బొమ్మనంట. నా బొమ్మకు పిల్లలు "పెండ్లికొడుకు!" అన్నరు. ఎనుకకెల్లి ఒక తల్లి, "ఎంత స్నో రుద్దిండ్రే వానికి, పాపం!" అని కిసుక్కున నవ్వింది. సునీత ఆ మాటను కింద వడనియ్యలే. "స్నో... ఏంది? స్నో..." అంటె ఒకడు "మ్యాన్!" అన్నడు. టిక్కు. రెయిన్ డీరుకైతె కష్టమే లేదు. వాన రెయిన్, జింక డీర్, పిల్లలకు రెండు మాటలు ఎప్పుడో వచ్చు. "గొంగడి గూడ ఉన్నది మేడం!" అన్నడు ఒకడు. సారు ఆ గొంగడికి గూడ తల ఊపిండు. పేరెంట్స్ దిక్కు తిరిగి, "సీ, బొమ్మతోని నేర్పితె గిట్లుంటది. స్టాండర్డ్!" అన్నడు.

నాలుగు తప్పు బొమ్మలకు నాలుగు టిక్కులు! నాకు తెల్వక నేను ఖుషీ, సునీతకు తెల్సి చెమటలు, సారుకు తెల్వకనే గర్వం.

ఇగ అయిదోది. నేను మంచిగ గీసింది. ఉన్నదున్నట్టు గీసింది. సునీత ఇప్పుతనే ఊపిరి ఇడిసింది, క్రిస్మస్ ట్రీ గదా, ఇంగ బుగులు లేదని. "వాట్ ఈజ్ దిస్?"

పిల్లలు ఒక్క గొంతుతోని: "బతుకమ్మ!"

వాళ్ల తప్పేమున్నది చెప్పు! కింద ఎడల్పు, మీద సన్నం, వరుస మీద వరుస, రంగురంగులు. ఇంటికాడ వారం రోజులకెల్లి గదే సూస్తున్రు. "కాదు పిల్లలూ, ట్రీ... క్రి... క్రి..." అన్నది సునీత. "బతుకమ్మ! బతుకమ్మ!" ఇంగ గట్టిగ ఒర్రిండ్రు, మేడంకు ఇనవడతలేదేమో అని.

సారు పెన్నుకు టోపీ వెట్టిండు. "వాట్ బతుకమ్మ? ముఖ్యమైన వర్డే రాలేదు. ఇన్నొద్దులు ఏం నేర్పిండ్రు మేడం? నేను ముందే చెప్పిన గదా, దసరా తర్వాత..." అందరి ముంగట! పిల్ల కండ్లు నిండినయి. పట్టుకున్న బొమ్మల ఆ చెట్టు గాలికి ఊగినట్టు ఊగుతున్నది. నాకు మా అన్న కండ్లల్ల మెదిలిండు. "సారూ, తప్పేమన్నుంటె నాది, పిల్లనేమనకు" అని లేసిన. "నువ్వు ఊకో పెయింటర్" అన్నడు.

గప్పుడు కట్టె సప్పుడు ఇనవడ్డది. అవ్వ. లేసింది. టక్కు టక్కుమని బొమ్మ దగ్గరికి పోయింది. నల్లటి ఏలు దాని మీద పెట్టి, "ఎంత సక్కగ పేర్చిండ్రే! నడుమ నడుమ బంతులు గూడ వెట్టిండ్రు" అన్నది.

"మమ్మీ, అవి బంతిపూలు గాదు, బాల్స్" అన్నడు సారు.

"బాల్సంటె ఏందిర?"

ఆయన తొట్రువడ్డడు. "అంటె... బంతులు."

"గదే గదర నేనన్నది!"

బడి బడంత నవ్వింది. ఆయమ్మ చేతిలకెల్లి చీపురు జారవడ్డది. అవ్వ నవ్వలే. "బతుకమ్మను బతుకమ్మ అనకుంట పోరగాండ్లు ఇంకేమంటరు? చేతుల పట్టుకోని నిలవడితె సుట్టు ఎట్ల తిరగాలె? నడుమ వెట్టుండ్రి" అన్నది. సునీత బొమ్మను కుర్చీ మీద నిలవెట్టి ఆవరణ నడుమ వెట్టింది. అవ్వ చెప్పులిడిసింది, కట్టె కొడుకు చేతులవెట్టింది, సప్పట్లు గొట్టుకుంట తిరుగుడు సురువు జేసింది.

"మమ్మీ, ప్లీజ్! ప్రోగ్రాం నడుస్తున్నది!"

"పాటలకు పిలిచింది నువ్వే గదర! నీ పెండ్లామే ఫోన్ల సదివి చెప్పింది!"

ఇగ తల్లులు ఆగుతరా? పొద్దటికెల్లి పట్టుచీరలు కట్టుకోని, ఎప్పుడు పాడుమంటరా అని గొంతులు సవరిచ్చుకుంట కూసున్నరాయె. ఒక్కతీరు లేసిండ్రు. సుట్టూ తల్లులు, లోపల పిల్లలు, నడుమ క్రిస్మస్ చెట్టు. సానియా వాళ్లమ్మ బురఖా కొస ఎడమ చేతుల వట్టుకోని తిరిగింది. నేను సూడు కోడలా, బతుకంత బోర్డులు రాసిన, నా రాత సుట్టు ఒక్కలన్న తిరిగిండ్రా? ఆగు, కండ్లల్ల ఏదో వడ్డది.

పాట ఒడిసినంక సునీత నా దిక్కు సూసింది. ఇంకొకటి మిగిలింది, బెల్లు. మునిగినంక సలేందని నేనే ఇప్పి పట్టుకున్న. రైలు పట్టా ముక్క, సుత్తె. పిల్లలు దాన్ని సూసిండ్రు. పొడుగు గంట కొడితె ఏమయితది? ఇంటికి ఇడుస్తరు. యూకేజీ మొత్తం, ఎవలు చెప్పకుంట, మంచి ఇంగ్లీషుల, "హాలిడే!" అని ఒర్రి సంచుల దిక్కు ఉరికిండ్రు.

సారు కాయితం తీసిండు. ఆ మాట ఆరింటిల లేదు. గని మీద హెడ్డింగుల ఉన్నది! టిక్కు ఎక్కడ వెట్టాల్నో తెల్వక, తీసుకపోయి హెడ్డింగుకు వెట్టిండు.

"యాడికి ఉరుకుతున్రు? సద్ది తెచ్చినంక తినకుంట పోతరా? బంతి వెయ్యుండ్రి!" అన్నది అవ్వ. మల్ల బంతే సూడు. చెట్టుకు ఏలాడేదీ బంతే, బతుకమ్మకు వెట్టేదీ బంతే, కూసోని తినేదీ బంతే. ఆయన బుక్కుల ఒక్క మాటకు ఒక్క బొమ్మ. మనకు ఒక్క మాటల మూడు.

చాపలు పరిచిండ్రు, ఇస్తార్లు ఏసిండ్రు, వడ్డిచ్చిండ్రు. అందరు కూసున్నరు. ఒక్క సారు మాత్రం తల్లి కట్టె పట్టుకోని దర్వాజ కాడ నిలవడ్డడు. బంతిల ఒక్కలు నిలవడితె ఎవ్వలు బుక్క ముట్టరు, నీకెరికే గదా. పిల్లల చేతులు పులిహోర మీద పైపైన ఆడుతున్నయి. అవ్వ తన పక్క ఆకు ఏపిచ్చింది. ఆ ఆకుకు అటుదిక్కు సునీత.

"రా, కూసో."

"మమ్మీ, నాకు ఆఫీసుల పనున్నది..."

ఆ మమ్మీ అన్న పిలుపుకు అవ్వ పలకలే. ఇననట్టే కూసున్నది. ఒక పొల్లగాని కడుపు గుర్రుమన్నది.

"అవ్వా" అన్నడు ఆయన, మెల్లగ.

"ఆఁ, చెప్పు బిడ్డా. దసరెల్లినంక ఈ పిల్ల బడికి వస్తదా?"

ఆయన సునీతను సూసిండు, పిల్లలను సూసిండు, చేతిలున్న కాయితం సూసిండు. "ఆఁ... సూద్దాంలే అవ్వా."

"సూసుడు గాదు. పిల్లలకు ఆకలైతున్నది."

"వస్తది."

"ఎవలికి ఇనవడాలె?"

"వస్తది అవ్వా! దసరెల్లినంక గూడ మేడమే వస్తది!"

సునీత తల వంచుకున్నది, ముక్కు కొంగుతోని తుడుసుకున్నది. ఆయన కూసోబోతె ఆ ఆకు కాడ చాప లేదు, కింద మట్టి, తెల్ల ప్యాంటాయె. ఆయమ్మ అటీటు సూసి, చేతికందిన నా టర్కీ బొమ్మ పరిచింది. దాని మీద కూసున్నడు, మోకాళ్లు మడత వడక జరంత ఒరిగి. అవ్వ, "ఇగ కానియ్యుండ్రి" అన్నది.

గప్పుడు సునీత నా చెవుల చెప్పింది. "కాకా, టర్కీ అంటె కోడి."

నా చేతుల బుక్క ఆగిపాయె. "కోడా? మరి సారు...?"

"కోడి మీదనే కూసున్నడు. తిననియ్" అన్నది.

నేను ఆపుకుందమనుకున్న కోడలా, నా వశమైతదా! పులిహోర ముక్కులకెక్కింది. ఎదురు బంతిల సానియా మా మాట ఇననే ఇన్నది, పాము చెవులు దానియి. ఒక చెయ్యి నోట్ల, ఒక చెయ్యి చాపి, "టర్కీ తాతా! ఓ టర్కీ తాతా! గా మలీద ముద్దల గిన్నె ఇటు జరుపు!" అని ఒర్రింది. బంతి మొత్తం అందుకున్నది. సారు గూడ నవ్విండు, ఎందుకో ఆయనకు తెల్వది. తల్లులు, పిల్లలు, ఖాజా, ఆయమ్మ, సునీత పక్కన సారు, సారు పక్కన అవ్వ, అందరం ఆకుల మీదికి వంగినం. నేను గిన్నె జరిపిన.